మూడో పెడల్, పొడుగాటి కప్పు: కార్ల ప్రేమికులు కోరేది షోరూములో ఎందుకు ఉండదు?

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు నలుగురు చేరితే ఒక ఊహల కారు తప్పకుండా మాటల్లోకి వస్తుంది. గోధుమ రంగు, డీజిల్ ఇంజిన్, చేత్తో వేసుకునే గేర్లు, వెనక్కి పొడుగ్గా సాగిన కప్పున్న స్టేషన్ వాగన్. అమెరికాలో ఈ నాలుగు మాటలూ కలిపి చెబితే చాలు, ఎదుటి మనిషి కూడా మన బాపతే అని తెలిసిపోతుంది. బయటివాళ్లకు మాత్రం ఇది వింతగా తోస్తుంది. వేగాన్ని ఇష్టపడేవాళ్లు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు అడగాలి గానీ, సామాన్లు మోసే బండి అడగడమేమిటి? ఆటోమేటిక్ గేర్లు ఇంత బాగా పనిచేస్తున్న రోజుల్లో ఎడమకాలికి పని పెట్టుకోవడం ఎందుకు? వీటికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఇంతమంది ఇంత గట్టిగా అడుగుతుంటే కంపెనీలు ఎందుకు చేసివ్వవు?

ఈ మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి మెలిపడి ఉంటాయి కాబట్టి జవాబులు కూడా కలగాపులగం అవుతుంటాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాన్యువల్ గేరు మీద ఇష్టమూ వాగన్ మీద ఇష్టమూ ఒకే కోరికకు రెండు కొసలు. రోజూ పనికి తీసుకెళ్లే కారే నడుపుతుంటే మనసుకు హాయినివ్వాలన్నది ఆ కోరిక. అది నిజమైన కోరికే. కానీ కొత్త కారు ఎలా ఉండాలో తేల్చేది ఆ కోరిక ఉన్నవాళ్లు కాదు.

ఎడమకాలి పని

పెట్రోలు, డీజిల్ ఇంజిన్లకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లకంటే బాగా కిందికి పడితే అవి ఆగిపోతాయి. బలం కూడా అన్ని చుట్ల దగ్గరా ఒకేలా ఉండదు, మధ్యలో కొంత మేరే బాగా లాగుతాయి. చక్రాలేమో సున్నా నుంచి మొదలవ్వాలి. ఈ రెంటికీ పొంతన కుదర్చడానికే క్లచ్, గేర్లు. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ మీద, రాపిడి పొర అతికించిన క్లచ్ ప్లేటు ఉంటుంది. స్ప్రింగు బలంతో ప్రెషర్ ప్లేటు దాన్ని ఫ్లైవీల్‌కేసి నొక్కి పెడుతుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, కాలు తీస్తే మళ్లీ పట్టుకుంటుంది. యంత్రంగా చూస్తే ఇంతే.

ఆ పట్టుకునే చోట ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. కారు మొదటి గేరులో ఆగి ఉంది. ఎడమకాలు మెల్లగా పైకి వస్తోంది. పెడల్ సగం దూరం వచ్చేసరికి ఇంజిన్ మోత కాస్త బరువెక్కుతుంది. సీటు కింద సన్నని వణుకు పుడుతుంది. బానెట్ వెంట్రుకవాసి లేచినట్టు కనిపిస్తుంది. ప్లేటు ఫ్లైవీల్‌ను తాకిందన్నమాట. పాదాన్ని అక్కడే ఒక్క క్షణం నిలిపి, కుడికాలితో కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే కారు నీళ్లమీద పడవలా కదులుతుంది. తొందరపడితే కుదుపు, మరీ తొందరపడితే ఇంజిన్ ఆఫ్. నేర్చుకునే రోజుల్లో ఇది నాకు వారాల తరబడి పట్టుబడలేదు. ఎత్తు మీద ఆగి, వెనక బండి ఆనుకుని ఉన్నప్పుడు చేతులు చల్లబడిపోయేవి. ఒకరోజు ఎవరూ చెప్పకుండానే కాలికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఏ కారు ఎక్కినా, దాని క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో రెండు నిమిషాల్లో కాలే వెతుక్కుంటోంది. ఈ తెలివి తలలో ఉండదు, పాదంలో ఉంటుంది. మాన్యువల్ మీద మమకారానికి మొదటి వేరు ఇక్కడుంది.

రెండో వేరు గేరు దించడంలో ఉంది. గేరు నిష్పత్తి అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికి పోయే షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు. మూడో గేరుకు అది 1.4, రెండోదానికి 2.1 అనుకుందాం. మూడులో ఇంజిన్ 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు అదే వేగంలో రెండుకు దిగాలంటే అది 4,500 చుట్లు తిరగాలి. ఊరికే గేరు దించి క్లచ్ వదిలేస్తే ఆ తేడాను చక్రాలే లాగాలి, కారు ముక్కు కిందికేసి గుద్దినట్టు అవుతుంది. అందుకని క్లచ్ తొక్కి ఉన్న అరక్షణంలో యాక్సిలరేటర్ మీద ఒక్క తాపు తాటించి ఇంజిన్‌ను 4,500 దగ్గరికి లేపుతారు. సరిగ్గా కుదిరితే గేరు మారిందని పక్కన కూర్చున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. మలుపు ముందు బ్రేకు వేస్తూనే ఈ పని చేయాలంటే కుడిపాదం ముందు భాగం బ్రేకు మీద, అంచో మడమో యాక్సిలరేటర్ మీద ఉండాలి. దాన్నే హీల్ అండ్ టో అంటారు. రోజూ వెళ్లే దారిలోనే, చట్టం ఒప్పుకునే వేగంలోనే దీన్ని ఏళ్ల తరబడి సాన పెట్టుకోవచ్చు. ఆరువందల గుర్రాల (హార్స్‌పవర్) కారులో ఉన్న వేగం రోడ్డు మీద నూటికి తొంభై పాళ్లు అక్కరకు రాదు. గేరు సరిగ్గా పడిన తృప్తికి మాత్రం ముప్ఫై కిలోమీటర్ల వేగం చాలు.

కష్టంగా ఉంటేనే గొప్ప అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. తొలినాటి గేర్‌బాక్సుల్లో పళ్లచక్రాల వేగాలు కుదిరే ఏర్పాటే ఉండేది కాదు. ప్రతి గేరుకూ క్లచ్ రెండుసార్లు తొక్కాలి, లెక్క తప్పితే కరకరమని చప్పుడు. 1928లో కాడిలాక్ సింక్రోమెష్ గేర్‌బాక్స్ తెచ్చింది. గేరు పడేముందు ఒక చిన్న కోను రెండు వేగాలనూ రాపిడితో సమానం చేసే ఏర్పాటు అది. అప్పటి నుంచి మాన్యువల్ సులువవుతూనే వచ్చింది, ఆ సులువును ఎవరూ వద్దనలేదు. పోకూడనిది వేరే ఉంది: ఎప్పుడు, ఏ గేరు, ఎంత మెత్తగా అన్న నిర్ణయం నడిపేవాళ్ల చేతిలో ఉండటం.

ఒకప్పుడు ఈ వాదనతో పనే ఉండేది కాదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ వచ్చింది. పెద్ద ఎత్తున అమ్ముడైన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆటోమేటిక్‌లు హాయిగా ఉండేవి గానీ బద్ధకంగా ఉండేవి. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నూనె ద్వారా బలం పోయేది, జారుడులో కొంత వేడిగా ఆవిరైపోయేది, గేర్లు మూడో నాలుగో ఉండేవి. మాన్యువల్ వేగంగా పోతుంది, తక్కువ తాగుతుంది, తక్కువకు వస్తుంది అంటే చాలు, వాదన ముగిసేది.

ఇప్పుడు ఆ మూడింటిలో మొదటి రెండూ నిలబడవు. నూనె ద్వారా బలం అందించే ఆ భాగంలోనే (టార్క్ కన్వర్టర్) లోపలి క్లచ్ పెట్టి జారుడును ఆపేశారు. గేర్లు ఎనిమిది, తొమ్మిది, పది అయ్యాయి కాబట్టి ఇంజిన్ ఎప్పుడూ తనకు అనువైన చుట్ల దగ్గరే తిరుగుతుంది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ మామూలు రోడ్డు కారులోకి వచ్చింది. ఒక క్లచ్ ఇప్పటి గేరును పట్టుకుని ఉండగానే రెండోది తర్వాతి గేరుతో సిద్ధంగా కాచుకుని ఉంటుంది. మారడానికి పట్టేది రెప్పపాటు కూడా కాదు. మనిషి చెయ్యి దానితో పోటీపడలేదు. ఈ నిజాన్ని ఒప్పుకోకుండా మాన్యువల్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు తమ పక్షాన్ని తామే బలహీనం చేసుకుంటున్నారు.

అయినా ఇష్టం చావలేదు. దీనికి పోర్షె కథకు మించిన సాక్ష్యం లేదు. 2013లో ఆ కంపెనీ కొత్త 911 జీటీ3ను రెండు క్లచ్‌ల పీడీకే గేర్‌బాక్స్‌తో మాత్రమే విడుదల చేసింది. రేసు ట్రాకు కోసం పుట్టిన కారు, పీడీకేతో ట్రాకు మీద ఇంకా వేగంగా పోతుంది, లెక్క సరైనదే. కొనేవాళ్లు మాత్రం మూడో పెడల్ ఏదని నిలదీశారు. 2016లో పోర్షె 911 ఆర్ అనే కారును మాన్యువల్‌తో మాత్రమే, 991 కార్లు చేసి ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌లో దాని ధర కొన్నధరను దాటి ఎక్కడికో పోయింది. 2017లో జీటీ3కే ఆరు గేర్ల మాన్యువల్ తిరిగొచ్చింది. ప్రపంచంలోనే అత్యంత లెక్కగా ఆలోచించే కొనుగోలుదారులు, తెలిసి తెలిసి, నెమ్మదైన గేర్‌బాక్స్‌ను ఎంచుకున్నారు. వేగం కోసమైతే ఇలా జరగదు.

స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్నాయి కదా, వాటితో గేరు మీరే మార్చుకోవచ్చు కదా అంటారు. నిజమే, నిర్ణయం చేతికి వస్తుంది. కానీ ప్యాడిల్ నొక్కడమంటే అర్జీ పెట్టుకోవడం. కలపడం, విడదీయడం, ఎంత మెత్తగా కలపాలో తేల్చడం కంప్యూటర్ చూసుకుంటుంది. బాగా చేసినా మనకు మెప్పు లేదు, పాడుచేసే వీలూ లేదు. పాడుచేసే వీలు లేనిచోట బాగా చేశామన్న ఆనందం ఎలా పుడుతుంది? నాకు మాన్యువల్ విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. అడుగడుగునా ఆగే ట్రాఫిక్‌లో గంటన్నర క్లచ్ తొక్కినవాళ్లకు ఆటోమేటిక్ ఒక ఉపశమనం. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు, ఎడమకాలు సహకరించనివాళ్లకు అది స్వేచ్ఛ. వాళ్లకు కార్లంటే ఇష్టం లేదనడం తప్పు.

డిక్కీ ఎందుకు ముఖ్యం?

ఇక బాడీ సంగతి. సెడాన్‌లో డిక్కీ విడి గది. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేస్తుంది, సీట్లు మడిస్తే ముందు సీట్లదాకా ఒకే గది అవుతుంది. వాగన్ లేదా ఎస్టేట్ అంటే సెడాన్ కప్పును చివరి బంపర్ దాకా సాగదీసి, అక్కడ నిలువు తలుపు పెట్టినది. సెడాన్‌కూ వాగన్‌కూ లీటర్లలో తేడా కాగితం మీద ఒక్కోసారి తక్కువే కనిపిస్తుంది. అసలు తేడా నోటి వెడల్పులో ఉంది. ఒక పుస్తకాల బీరువాను సెడాన్ డిక్కీలోకి దూర్చడానికి నేనొకసారి అరగంట కుస్తీ పట్టాను. లోపల చోటుంది. మూత మాత్రం చిన్నది, అంచు ఎత్తుగా ఉంది, బీరువా ఏ కోణంలోనూ వంగదు. చివరికి మామూలు హ్యాచ్‌బ్యాక్ తెచ్చి, సీట్లు మడిచి, ఒక దుప్పటి పరిచి, బీరువాను దాని మీద లోపలికి తోసేశాం. రెండు నిమిషాల పని. పొడవులో ఆ కారు సెడాన్ కంటే మూరెడు తక్కువ.

సామాన్లే ముఖ్యమైతే ఎస్‌యూవీ ఉంది కదా అని వెంటనే అడుగుతారు. కార్ల ప్రేమికులు దానికి తల అడ్డంగా ఊపడానికి కారణం ఫిజిక్స్‌లో ఉంది. మలుపులో కారు బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది గరిమనాభి (కారు బరువంతా కేంద్రీకరించినట్టు లెక్కించే బిందువు) ఎత్తు మీద, చక్రాల మధ్య వెడల్పు మీద ఆధారపడుతుంది. ఒక 1,500 కిలోల కారు తీసుకుందాం. చక్రాల మధ్య వెడల్పు 1.55 మీటర్లు. మలుపులో పక్కకు నెట్టే బలం గురుత్వాకర్షణలో 0.7 వంతు. గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 370 కిలోలు పక్కకు జరుగుతాయి. 70 సెంటీమీటర్లకు లేస్తే దాదాపు 475 కిలోలు. ఒక లావుపాటి మనిషి బరువంత తేడా, అది కూడా రెండు బండ్ల బరువూ ఒకటే అనుకుంటే. నిజానికి ఎస్‌యూవీ బరువు కూడా ఎక్కువే. ఆ ఊపును అదుపు చేయడానికి స్ప్రింగులు బిగించాలి, బిగిస్తే గతుకుల్లో తల ఊగుతుంది. దీన్ని తప్పించడానికి గాలి సస్పెన్షన్, కారు పక్కకు ఒరగకుండా ఆపే, మోటారుతో తిరిగే యాంటీ రోల్ బార్లు పెడతారు. బరువూ ఖర్చూ మళ్లీ పెరుగుతాయి. ఎత్తు తగ్గించుకుంటే పోయే సమస్య ఇది.

గాలి సంగతీ అంతే. గాలి అడ్డగింపు రెండు అంకెల లబ్ధం మీద ఆధారపడుతుంది: ఆకారం ఎంత నున్నన, ఎదురుగా ఎంత వైశాల్యం. వాగన్‌కు ఆకారం అంకె 0.28, ఎదురు వైశాల్యం 2.25 చదరపు మీటర్లు అనుకుని, ఎస్‌యూవీకి 0.33, 2.7 చదరపు మీటర్లు అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలిని చీల్చడానికే మొదటిదానికి దాదాపు 8 కిలోవాట్లు, రెండోదానికి పదకొండున్నర కావాలి. లోపల పట్టే సామాను మాత్రం చాలాసార్లు సమానమే. ఎస్‌యూవీ అదనపు ఎత్తులో చాలా భాగం నేలకూ కారుకూ మధ్య ఖాళీకి, నిటారుగా కూర్చునే సీట్లకు పోతుంది. నిటారు సీటు ఎక్కి దిగడానికి సులువు, చూపు బాగా ఆనుతుంది, పెద్దవాళ్లకు అది నిజమైన సుఖం. ఎందుకు అమ్ముడవుతుందో అర్థం చేసుకోవచ్చు.

వాగన్‌కూ తనవైన ఇబ్బందులున్నాయి. వెనక పెద్ద తలుపు కోసం పెద్ద రంధ్రం తెరిచారు కాబట్టి బాడీ మెలిపడకుండా అదనపు బిగింపులు కావాలి. డిక్కీకీ మనకూ మధ్య గోడ లేదు కాబట్టి వెనక టైర్ల మోత నేరుగా లోపలికి వస్తుంది. నిలువు వెనక భాగం దగ్గర గాలి సుడి తిరిగి, రోడ్డు మీది బురదనీటిని తెచ్చి అద్దం మీద చల్లుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లకూ వాగన్లకూ వెనక వైపర్ ఉండి, సెడాన్లలో చాలావాటికి లేకపోవడానికి కారణం ఇదే. గమనిస్తే రోజూ కనిపించే విషయం, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు.

పనికొచ్చే బాడీలో సరదా పెట్టడం కొత్త ఆలోచన కాదు. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ తెచ్చినప్పుడు 5,000 కార్లు పోతే చాలనుకున్నారు. ఒక్క మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. 110 గుర్రాల ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్, వెనక అందరికీ పనికొచ్చే తలుపు. వారమంతా ఆఫీసుకు, ఆదివారం కొండదారికి ఒకే కారు. 1994లో వోల్వో తన 850 ఎస్టేట్‌నే బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లోకి దింపింది, చూసినవాళ్లు నోరు తెరిచారు. అదే ఏడాది ఆడీ, పోర్షె కలిసి ఆర్ఎస్2 అవాంత్ అనే వాగన్‌ను తెచ్చాయి: అయిదు సిలిండర్ల టర్బో, 315 గుర్రాలు, ఆరు గేర్ల మాన్యువల్, పోర్షె బ్రేకులు, వెనక కుక్కపిల్లతో సహా కుటుంబం మొత్తానికి చోటు.

ఎక్కువమంది కార్ల ప్రేమికులకు ఇంట్లో ఒక్క కారుకే చోటుంటుంది, ఒక్కదానికే డబ్బుంటుంది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొంటే అది ఆదివారాల కారవుతుంది, మిగిలిన ఆరు రోజులు మనసుకు పట్టని బండి నడపాలి. వాగన్ కొంటే ఆరు రోజులూ మన రోజులే. కారును ప్రేమించేవాళ్లకు ఎక్కువ గంటలు దానితో గడపాలని ఉంటుంది, ఆ గంటలు దొరికేది పనుల మధ్యలోనే. గేరూ డిక్కీ ఒకే మనిషి కోరికలు కావడం అందుకే సహజం.

అడిగేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు

మరి ఎందుకు చేయరు? మొదటి జవాబు చేదుగా ఉంటుంది గానీ తప్పదు. ఫ్యాక్టరీకి తెలిసిన కొనుగోలుదారు ఒక్కరే, కొత్త కారుకు డబ్బు కట్టినవాళ్లు. కార్ల గురించి ఎక్కువగా చదివి, ఎక్కువగా మాట్లాడేవాళ్లలో చాలామంది సెకండ్ హ్యాండ్ కొంటారు. అది తెలివైన పని, కొత్త కారు మొదటి రెండు మూడేళ్లలోనే విలువలో పెద్ద ముక్క పోగొట్టుకుంటుంది కాబట్టి. దాని ఫలితం మాత్రం ఇది: అయిదేళ్ల తర్వాత మీరు వెతికే మాన్యువల్ వాగన్‌ను ఇవాళ ఎవరో ఒకరు కొత్తగా కొనాలి. ఆ ఎవరో ఒకరు ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొన్నారు. అమెరికాలో 1980లో కొత్త కార్లలో దాదాపు మూడో వంతు మాన్యువల్‌వి, ఇప్పుడు నూటికి ఒకటో రెండో.

రెండో జవాబు ఖర్చుది. ఒక ఇంజిన్‌కు ఇంకో గేర్‌బాక్స్ జోడిస్తే సాధారణంగా అది పొగ, మైలేజీ పరీక్షల్లో విడిగా నెగ్గాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్ విడిగా రాయాలి, మన్నిక పరీక్షలు విడిగా జరపాలి, పెడళ్ల అమరిక కుడివైపు స్టీరింగ్‌కూ ఎడమవైపు స్టీరింగ్‌కూ వేర్వేరు. దానికి వాగన్ బాడీ కూడా కలిస్తే జోడీలు రెట్టింపవుతాయి. వందమందిలో ముగ్గురు మాన్యువల్ అడుగుతూ, వందమందిలో అయిదుగురు వాగన్ అడిగితే, రెండూ కలిపి అడిగేవాళ్లు ఎంతమంది? కార్ల ప్రేమికుల్లో రెండు కోరికలూ కలిసి ఉంటాయి కాబట్టి ఉత్త గుణకారం చెప్పినదానికంటే ఎక్కువే. అయినా ఒక ఫ్యాక్టరీ లైనుకు సరిపోని చిన్న సంఖ్య అది. ఇవాళ్టి సాధనాలు కూడా ఆటోమేటిక్‌నే ఆశిస్తాయి. ముందు బండిని బట్టి తనే ఆగి తనే కదిలే క్రూజ్ కంట్రోల్, దానంతట అదే పార్కు చేసుకునే కారు, మధ్యలో మనిషి కాలు ఉంటే పూర్తిగా పనిచేయవు.

వాగన్ కథలో నిబంధనల పాత్ర ఇంకా పెద్దది. అమెరికాలో 1975 చట్టంతో వచ్చిన మైలేజీ నిబంధనలు కార్లకు ఒక గీత, తేలికపాటి ట్రక్కులకు ఇంకో తక్కువ గీత గీశాయి. వాగన్ కారు కిందికి వచ్చింది. 1983 చివర్లో క్రైస్లర్ తెచ్చిన మినీవ్యాన్, ఆ తర్వాత ఎస్‌యూవీలు ట్రక్కుల కిందికి వచ్చాయి. ఒకే కుటుంబాన్ని, అంతే సామానును మోసే బండి ఎత్తుగా ఉంటే చట్టం దృష్టిలో అది సులువైన పరీక్ష రాస్తోంది. పెద్ద వాగన్లకు కంపెనీలు మెల్లగా చరమగీతం పాడాయి. యూరప్‌లో ఆ తేడా లేదు కాబట్టి ఎస్టేట్లు నిలిచాయి, అక్కడా ఎస్‌యూవీల జోరు వాటిని తగ్గిస్తూనే ఉంది. జనం అభిరుచి ఒక్కటే వాగన్‌ను చంపిందనడం సగం నిజం.

ఇలా ఒకే కోరిక రెండు ముక్కలై, ఇప్పుడు షోరూముల్లో విడివిడిగా దొరుకుతోంది. బీఎండబ్ల్యూ చరిత్ర చూస్తే ఈ చీలిక కళ్లకు కడుతుంది. 1990ల మొదట్లో ఎం5 టూరింగ్ అనే వాగన్‌ను మాన్యువల్‌తోనే అమ్మింది, చేసినవి 891. దాని తర్వాతి ఎం5 వాగన్ పది సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చింది, గేర్లు కంప్యూటర్ మార్చేవే. అదే తరం ఎం5 సెడాన్‌కు ఉత్తర అమెరికా కొనుగోలుదారులు పట్టుబట్టి మాన్యువల్ సాధించుకున్నారు, వాళ్లకేమో వాగన్ అందలేదు. 2022లో తొలిసారి ఎం3 టూరింగ్ వచ్చింది. కార్ల ప్రేమికులు రెండు దశాబ్దాలు ఎదురుచూసిన వాగన్ అది. గేర్‌బాక్స్ ఆటోమేటిక్ ఒక్కటే. మూడు పెడళ్లు సెడాన్‌కే దక్కాయి. కాడిలాక్ సీటీఎస్-వీ వాగన్ మాత్రం 2011 నుంచి 2014 దాకా 556 గుర్రాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను, పొడుగు కప్పును, ఆరు గేర్ల మాన్యువల్‌ను ఒకేచోట పెట్టింది. చేసినవి బహు తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో మాన్యువల్‌వాటిని వెతుక్కుంటూ జనం దూరాలు పోతారు.

రెండు కొసలూ ఇంకా కలిసి ఉన్న చోటు హ్యాచ్‌బ్యాక్. హోండా సివిక్ టైప్ ఆర్‌కు పుట్టినప్పటి నుంచి మాన్యువలే, ఇప్పుడున్నది అయిదు తలుపుల బండి. టొయోటా 2020లో జీఆర్ యారిస్, 2022లో జీఆర్ కరోలా మాన్యువల్‌తో తెచ్చింది, తర్వాత ఆటోమేటిక్ చేర్చింది. అదే టొయోటా 2019లో ఆటోమేటిక్‌తోనే మొదలుపెట్టిన సుప్రాకు 2022లో మాన్యువల్ జోడించింది, అడిగితే వినేవాళ్లున్నారని ఇది చూపిస్తుంది. ఇంకోవైపు గోల్ఫ్ జీటీఐ, ఈ వంశానికే పెద్దదిక్కు, తాజా రూపంలో మాన్యువల్‌ను వదిలేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు దగ్గరివాళ్లెవరో దూరమైనంత బాధేసింది.

కరెంటు కార్లలో రెండు దారులు

కరెంటు మోటారు సున్నా చుట్ల నుంచే పూర్తి బలంతో లాగుతుంది. దానికి ఆగిపోవడమంటూ లేదు, కాబట్టి క్లచ్ అక్కరలేదు. చాలావాటికి ఒక్క గేరే చాలు. హ్యుందాయ్ 2023లో అయానిక్ 5 ఎన్‌లో ఎనిమిది గేర్లున్నట్టు కుదుపును, మోతను సాఫ్ట్‌వేర్‌తో సృష్టించింది. కొందరు దీన్ని బొమ్మలాట అని కొట్టిపారేస్తారు. నేనలా అనలేను. చుట్లు ఎక్కడున్నాయో చెవికి చెప్పే గుర్తులు నడిపేవాళ్లకు నిజంగా పనికొస్తాయి. కానీ ఇందాక చెప్పిన పాదం తెలివికి అక్కడ చోటులేదు.

బాడీ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. బ్యాటరీ నేలలో ఉండటం వల్ల కార్లు ఎత్తు పెరిగాయన్నది నిజమే. అయితే హైవే మీద బ్యాటరీని అన్నిటికంటే ఎక్కువగా మింగేది గాలి. ఇందాకటి 8 కిలోవాట్లకూ పదకొండున్నరకూ తేడా పెట్రోలు కారులో బిల్లులో కనిపిస్తుంది, కరెంటు కారులో అయితే చేరాల్సిన ఊరికి ముందే చార్జింగ్ కోసం ఆగాల్సి వస్తుంది. తక్కువ ఎత్తు, పొడుగు కప్పు మళ్లీ లెక్కకు నిలుస్తున్నాయి. 2024లో ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.7 టూరర్, బీఎండబ్ల్యూ ఐ5 టూరింగ్ వచ్చాయి, రెండూ కరెంటు వాగన్లు. ఇన్నాళ్లూ జంటగా అడుగుతూ వచ్చిన రెంటిలో ఒకదానికి భవిష్యత్తు ఫిజిక్స్ వైపు నుంచే దొరుకుతోంది. రెండోదాన్ని నిలబెట్టేది అభిమానం ఒక్కటే.

అంచేత మాన్యువల్ వాగన్ కావాలంటే ఇవాళ చాలావరకు వెళ్లాల్సింది పాత కార్ల దగ్గరికే. వెళితే చూడాల్సినవి కొన్ని చెబుతాను. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో తక్కువ వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఇంజిన్ చుట్లు మాత్రం ఎగబాకితే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. అది మార్చుకోదగ్గ భాగం, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూడు నుంచి రెండుకు దించి చూడండి. కరకరమంటే సింక్రో కోను అరిగింది, గేర్‌బాక్స్ విప్పాల్సిన పని, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వెనక తలుపు ఎత్తి వదిలేయండి. దానంతట అది నిలబడకపోతే తలుపును ఎత్తిపట్టే గ్యాస్ స్ట్రట్లు పోయాయి, అది చిన్న ఖర్చు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మీద వేలు పెట్టి పూర్తిగా ఒక చుట్టు తిప్పండి, చీలికలుంటే తెలుస్తాయి. తర్వాత డిక్కీ కార్పెట్ లేపి, స్టెప్నీ తీసి పక్కన పెట్టి, ఆ గుంత అడుగున అరచేయి ఆనించండి. పొడిగా ఉంటే, ఇంతకుముందు దాన్ని నడిపినవాళ్లు బాగా చూసుకున్న బండి అయి ఉంటుంది.